పిన్ చెప్తే సరిపోదు.. హక్కు రాసియ్యాలె

చిక్కడపల్లి మార్కెట్ పక్క గల్లీల మాది పాత ఇల్లు. రెండేండ్ల కింద ఒకనాడు పొద్దుగాల పేపర్ సదువుకుంట సదువుకుంట బాపు పక్కకు ఒరిగిండు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినయ్. మాట ముద్ద ముద్దగ వస్తున్నది. పక్షవాతమని సమజయి ఆటోల ఏసుకొని దవాఖానకు ఉరికినం. డాక్టర్లు వాళ్ల పని వాళ్లు చేసిన్రు. కౌంటర్ కాడ మాత్రం లక్షన్నర అడ్వాన్స్ కట్టమన్నరు.

బాపు దగ్గర పైసలు లేక కాదు. ముప్ఫై ఏండ్లకు పైన సర్కారు కొలువు చేసిండు. పింఛన్ వస్తది. రెండు ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్నయ్. ఇసొంటి రోజు కోసమే దాచిపెట్టుకున్నడు. తీరా ఆ రోజు వచ్చినంక ఆ పైసలు ముట్టుకునే దారి మాకు లేదు. ఖాతా ఆయన ఒక్కని పేరు మీదనే ఉన్నది. ఫోన్ లాక్ నంబర్ ఆయన నెత్తిలనే ఉన్నది. ఏటీఎం పిన్ ఒక్కటి నాకు ఎరుక, ఎందుకంటే నెల నెలా పింఛన్ తీసుకొచ్చేది నేనే.

ఆ పిన్‌తోని రోజుకింత చొప్పున ఐదు రోజులు తీసిన. మన ఇంటి పైసలే కదా అనుకున్న. నెల తర్వాత డల్లాస్‌ల ఉన్న తమ్ముడు ఫోన్ చేసి మెల్లగ అడిగిండు. "అన్నా, బాపు ఖాతాలకెళ్లి మొత్తం ఎంత తీసినవ్?" అని. పక్కన కూసున్న అక్క ఏమీ అనలేదు. తమ్ముడు అడిగినదాని కంటె అక్క ఏమీ అనకపోవుడే ఎక్కువ తాకింది. నా దగ్గర దవాఖాన రసీదులు సగమే ఉన్నయ్. మిగిలినవి బయట మందుల షాపులు, ఆటోలు, రాత్రి పూట చూసుకునే ఆయమ్మ జీతం. వాటికి కాయితం ఎక్కడుంటది? దొంగను కాకున్నా దొంగ లెక్క తలకాయ దించుకొని కూసున్న.

ఇది మా ఒక్క ఇంటి ముచ్చటైతే రాయకపోదును. తర్వాత దోస్తులతోని మాట్లాడితే తెలిసింది, పదిండ్లల్ల ఏడిండ్లు గిట్లనే నడుస్తున్నయని. పెద్దమనిషి పేరు మీద ఖాతా, కొడుకు దగ్గర పిన్, బిడ్డకు ఏ సంగతి తెల్వదు. అందరు మంచోళ్లే. కష్టం వచ్చినప్పుడు మాత్రం అందరి మీద అనుమానమే.

పిన్ ఇస్తే మనకు నమ్మకం, బ్యాంకుకు తప్పు

మన ఇండ్లల్ల పిన్ చెప్పుడంటే ప్రేమ. "నా ఏటీఎం నా భార్య దగ్గరనే ఉంటది" అని గొప్పగ చెప్పుకుంటం. బ్యాంకు లెక్కల మాత్రం గా ప్రేమకు కాలమ్ లేదు.

బెంగళూరుల జరిగిన కేసు ఒకటున్నది. 2013 నవంబర్‌ల ఒకామె బాలింత. బయటకు పోలేక, తన కార్డు ఇచ్చి పిన్ చెప్పి మొగన్ని ఏటీఎంకు పంపింది. మిషిన్ల నుంచి పైసలు రాలేదు, ఖాతాల మాత్రం 25 వేలు కట్ అయినయ్. బ్యాంకును అడిగితే, పిన్ ఇంకొకలకు చెప్పుడే రూల్‌కు విరుద్ధం అన్నది. వినియోగదారుల ఫోరానికి పోయిన్రు. ఏండ్లు తిరిగినంక 2018ల ఫోరం కూడా బ్యాంకు దిక్కే తీర్పు చెప్పింది. ఇంటికాడి నుంచి కదలలేని బాలింత కట్టుకున్న మొగనికి పిన్ చెప్పినా గింతే సంగతి. ఆమె అధికార పత్రమో, సెల్ఫ్ చెక్కో రాసి పంపవల్సి ఉండె అని ఫోరం మాట.

రిజర్వ్ బ్యాంకు 2017 జులైల ఇచ్చిన రూల్ ఇంకా సాఫ్‌గ ఉన్నది. మన తప్పు లేకుండ బయటోడెవడో మోసం చేసి పైసలు కొట్టేస్తే, మూడు పని దినాలల్ల చెప్తే మన మీద భారం పడదు. అదే మనం పిన్, ఓటీపీ ఇంకొకలకు ఇచ్చుడు వల్ల పోతే, బ్యాంకుకు చెప్పేదాక పోయిన పైసలన్ని మనయే. సైబర్ మోసాలు ఇంత పెరిగి, 1930 నంబర్ జనానికి నోటికి వచ్చిన ఈ రోజుల్ల, ఒక్క పిన్ ఇంట్ల నలుగురి నోట్ల ఉన్నదంటే ఎవరి ఫోన్ల నుంచి జారిందో ఎట్ల తేలాలె?

అశోక్‌నగర్ రూములల్ల ఇంకో తీరు

మా ఇంటికి కూతవేటు దూరంల అశోక్‌నగర్. గ్రూప్స్‌కు సదివే పోరలు, పోరగాండ్లు ఊర్లల్ల నుంచి వచ్చి రూములల్ల, హాస్టళ్లల్ల ఉంటరు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీల పొద్దుగాల సీటు పట్టుకుంటే మల్ల రాత్రికే లేస్తరు. ఇక్కడ చాయ్ బండి కాడ ఒక తమ్మునితోని మాట కలిసింది. వాళ్ల నాయినది చిన్న వ్యవసాయం. నాయిన సిమ్ ఈ పోరని ఫోన్లనే ఉన్నది. బ్యాంకు మెసేజ్‌లు, ఓటీపీలు, యూపీఐ అన్ని ఇక్కడనే. రూము కిరాయికి, మెస్సుకు కావాల్సినంత తీసుకుంటడు, ఊర్ల నాయినకు ఎరువుల షాపుల పైసలు కట్టాల్నంటే ఇక్కడి నుంచే కొడతడు.

"నాయినకు ఫోన్ పట్టుడు రాదన్నా, నేనే చూసుకుంట" అన్నడు. మంచి పోరడే. కానీ నాయిన ఖాతాల ఎంత ఉన్నదో నాయినకు తెల్వదు. కొడుకు కోచింగ్ క్లాసుల ఫోన్ బంద్ పెట్టుకుంటే, నాయిన ఎరువుల షాపు ముంగట నిలబడాలె. హక్కు ఎవనిది, తాళంచెవి ఎవని చేతుల ఉన్నది? ఇక్కడ రెండూ తారుమారైనయ్.

దీనికి దారి లేదా అంటే ఉన్నది. 2024 ఆగస్టుల వచ్చిన 'యూపీఐ సర్కిల్' ఇందుకే. ఖాతా నాయినది, పిన్ నాయిన దగ్గరనే ఉంటది. కొడుకును తన సర్కిల్‌ల కలుపుకుంటడు. కొడుకు తన ఫోన్ల నుంచే, తన పేరుతోనే ఖర్చు చేస్తడు. ఇందుల రెండు తీర్లు. ఒకటి, నెలకు 15 వేల లోపల హద్దు పెట్టి వదిలేసుడు. అందుల కూడా ఒక్కసారికి 5 వేలు దాటదు. రెండోది, కొడుకు కొట్టిన ప్రతిసారి నాయినకు అడుగుతది, నాయిన పిన్ కొడితేనే పైసలు పోతయ్. గిట్ల ఐదుగురి దాక కలుపుకోవచ్చు, వద్దనుకుంటే తీసెయ్యొచ్చు.

ఈ ఏర్పాటుల నాకు నచ్చింది టెక్నాలజీ కాదు, దాని ఎనుక ఉన్న లెక్క. ఎవరికి ఇస్తున్నం, ఎంత దాక ఇస్తున్నం, ఎప్పుడు ఆపుతం. గీ మూడు ముందే అనుకొని ఇస్తే అది హక్కు. ఏదీ అనుకోకుండ ఇస్తే అది పిన్.

ఖాతా ఆమెది, నంబర్ ఎవరిది?

ఇంకొకల సంగతి చెప్పుకుంట నా తప్పు దాచుకోను. మా అమ్మ పేరు మీద ఒక ఖాతా ఉన్నది. దానికి ఇచ్చిన ఫోన్ నంబర్ నాది. వడ్డీ పడ్డా, పైసలు తీసినా మెసేజ్ నాకే వస్తది. ఆమెకు ఒక్కటీ రాదు. బాపు పడిపోయిన నాడు "నా ఖాతాల ఎంత ఉన్నది బిడ్డా?" అని ఆమె నన్ను అడిగింది. తన పైసల సంగతి తను ఇంకొకలను అడుగుడు. అరవై ఏండ్లు దాటిన మనిషి నోట్ల నుంచి ఆ మాట విన్నప్పుడు సిగ్గనిపించింది.

మీరు గూడ చూసుకోండ్రి. మీ ఇంట్ల ఆడోళ్ల ఖాతాకు ఎవరి నంబర్ ఉన్నది? పాస్‌బుక్ ఎవరి బీరువల ఉన్నది? ఆధార్‌కు లింక్ అయిన ఫోన్ ఎవరి జేబుల ఉన్నది? సాయం పేరు మీద మొదలైంది కొన్నేండ్లకు అజమాయిషీ అయితది. చేసేటోనికి అది తెల్వను కూడా తెల్వదు. నాకు తెల్వలేదు.

పోయినంక దారి ఉన్నది

ఈ మధ్యన సర్కారు, రిజర్వ్ బ్యాంకు కొన్ని మంచి పనులే చేసినయ్. మనిషి పోయినంక ఆయన పైసలు ఇంటోళ్లకు చేరే దారిని సాఫ్ చేసినయ్.

2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాక నామినీలను పెట్టుకోవచ్చు. ఇదివరకు ఒక్కరే. భార్యకు ఇంత శాతం, బిడ్డకు ఇంత శాతం అని పంచి రాయొచ్చు, లేదంటే ఒకరి తర్వాత ఒకరు అని వరుస పెట్టొచ్చు. లాకర్లకైతే వరుస పద్ధతే. నామినీ ఉంటే, అన్ని కాయితాలు ఇచ్చిన 15 రోజులల్ల బ్యాంకు క్లెయిమ్ తేల్చాల్నని 2025 సెప్టెంబర్‌ల రిజర్వ్ బ్యాంకు చెప్పింది. 2026 మార్చి 31 లోపల అన్ని బ్యాంకులు దీన్ని అమలు చెయ్యాలన్నది. నామినీ లేకున్నా, పెద్ద బ్యాంకులల్ల 15 లక్షల దాక, సహకార బ్యాంకులల్ల 5 లక్షల దాక సులువు పద్ధతి పెట్టింది. తన తప్పుతోని ఆలస్యమైతే బ్యాంకే పరిహారం కట్టాలె.

ఇదంతా ఎందుకు చెయ్యవలసి వచ్చింది? ఎవరూ అడగక పడి ఉన్న డిపాజిట్లు 2024 మార్చి నాటికి 78,213 కోట్లకు చేరినయ్. పదేండ్లు ఎవరూ ముట్టని డిపాజిట్ పైసలు రిజర్వ్ బ్యాంకు ఫండ్‌కు పోతయ్. మనవి పోయినట్టు కాదు, తర్వాత అడిగినా ఇస్తరు. వెతుక్కోనీకి 2023 ఆగస్టుల 'ఉద్గమ్' పోర్టల్ తెచ్చిన్రు. కానీ వెతకాల్నంటే ముందు ఉన్నదని తెల్వాలె కదా. ఇంటి గుట్టు అనుకుంట ఇంటోళ్లకే చెప్పకుండ పోయిన పెద్దమనుషుల పైసలు ఇందుల ఎన్ని ఉన్నయో!

ఇక్కడ ఒక మాట గుర్తు పెట్టుకోవాలె. నామినీ అంటే వారసుడు కాదు. చేనుకు కావలికాడు ఎట్లనో, పైసలకు నామినీ అట్ల. బ్యాంకు కాడ తీసుకొని అసలు వారసులకు అప్పజెప్పాలె. షేర్ల విషయంల 2023 డిసెంబర్‌ల సుప్రీం కోర్టు ఇదే మాట మల్ల తేల్చి చెప్పింది. "నామినీ నేనే, పైసలన్ని నాయే" అని కొట్లాడే అన్నదమ్ములు ఇది సదువుకోవాలె.

బతికుండి చేతగానప్పుడు?

అసలు పేచీ ఇక్కడున్నది. మా బాపు చచ్చిపోలే. బతికే ఉన్నడు. నామినీకి పైసలు ఇయ్యాల్నంటే డెత్ సర్టిఫికెట్ కావాలె. బతికున్న మనిషి సంతకం పెట్టలేకపోతే, మాట చెప్పలేకపోతే ఏం చెయ్యాలె?

చెయ్యి పడిపోయి తెలివి మంచిగున్న మనిషికైతే దారి ఉన్నది. వేలిముద్ర వేసి, ఇద్దరు సాక్షులు గుర్తువడితే, అందుల ఒకరు బ్యాంకు అధికారి అయితే, పైసలు ఇయ్యొచ్చని రిజర్వ్ బ్యాంకు రూల్ ఎప్పటినుంచో ఉన్నది. డెబ్బై ఏండ్లు దాటినోళ్లకు, కదలలేనోళ్లకు ఇంటికాడనే సేవ అందించాల్నని 2017 నవంబర్‌ల కూడా చెప్పింది. మా బ్యాంకు కౌంటర్‌ల ఈ మాట ఎవరూ చెప్పలేదు. "సంతకం కలుస్తలేదు, ఆయననే తీసుకరాండ్రి" అన్నరు. మూడోసారి పోయి, రూల్ ప్రింట్ తీసుకొని చూపెట్టినంక ఒక ఆఫీసర్ ఇంటికి వచ్చిండు. బాపు ఎడమచేతి బొటనవేలు ముద్ర తీసుకున్నడు. ఐదు నిమిషాల పని. దానికి మేం ఆరు వారాలు తిరిగినం.

మరి మనిషికి సోయే లేకపోతే? మతిమరుపు జబ్బు ముదిరితే? అప్పుడు వేలిముద్ర ఉన్నా లాభం లేదు. చానా మంది "పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకున్నం, ఫికర్ లేదు" అంటరు. ఫికర్ అక్కడనే ఉన్నది. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చిన మనిషికి మతి తప్పితే ఆ అధికారం కూడా ఆగిపోతది. అంటే ఎప్పుడు కావాల్నో సరిగ్గ అప్పుడే చెల్లదు. ఇగ మిగిలేది కోర్టు. కోమాల ఉన్నోళ్లకు గార్డియన్‌ను ఎట్ల పెట్టాల్నో కేరళ హైకోర్టు 2019ల మార్గదర్శకాలు ఇచ్చింది. ఎందుకంటే, ఇసొంటోళ్ల కోసం చట్టంల సాఫ్ దారి లేదు. ఐసీయూల మనిషిని పెట్టుకొని హైకోర్టు మెట్లు ఎక్కే తాకత్ ఎంతమందికి ఉంటది?

ఇంకో విచిత్రం చూడండ్రి. నాకు సోయి తప్పితే వెంటిలేటర్ పెట్టాల్నా వద్దా, ఎవరిని అడగాల్నో ముందే రాసిపెట్టుకోవచ్చని సుప్రీం కోర్టు 2018ల ఒప్పుకున్నది. 2023 జనవరిల ఆ పద్ధతిని ఇంకా సులువు చేసింది. అంటే నా ప్రాణం గురించి ఎవరు మాట్లాడాల్నో రాయొచ్చు. నా ఖాతాలకెళ్లి ఆ దవాఖాన బిల్లు ఎవరు కట్టాల్నో మాత్రం చెల్లేటట్టు రాయలేను! ఇంగ్లండ్‌ల 2005 చట్టంతోని 'లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ' తెచ్చిన్రు. తెలివి మంచిగున్నప్పుడు రాసి రిజిస్టర్ చేపిస్తే, తెలివి పోయినంక కూడా చెల్లుతది. మనకు గసొంటిది ఎందుకు ఉండొద్దు?

అప్పులోళ్లు చూడొచ్చు, బిడ్డ చూడొద్దా?

రిజర్వ్ బ్యాంకు 'అకౌంట్ అగ్రిగేటర్' అని ఒక పద్ధతి పెట్టింది. 2021ల అది జనంలకు వచ్చింది. మనం ఒప్పుకుంటే మన ఖాతా వివరాలు లోన్ ఇచ్చే కంపెనీకి చూపెడతది. ఏ వివరం, ఎన్ని రోజులు, ఎందుకోసం అన్నది ముందే రాసుంటది. వద్దంటే వాపస్ తీసుకోవచ్చు. పద్ధతి మంచిదే. కానీ ఇది కంపెనీలకే. నిజామాబాద్‌ల ఉన్న మా అక్క, బాపు ఖాతాను ముట్టుకోకుండ ఉత్తగ చూస్త అంటే, మా బ్యాంకుల గసొంటి దారి లేదు.

చూసే హక్కు వేరు, తీసే హక్కు వేరు. మా ఇంట్ల ఈ రెండూ వేరువేరుగ ఉండి ఉంటే, తమ్ముడు ఆ ఫోన్ చేసేటోడే కాదు. వాడే చూసుకునేటోడు. నేను రసీదుల కోసం బ్యాగులు ఎతుక్కునేటోన్ని కాదు.

మన ఊరి సంఘాలను చూసి నేర్సుకోవాలె

ఇదంతా సదువుకున్నోళ్ల యవ్వారం అనుకోవద్దు. మన ఊర్లల్ల మహిళా సంఘాలు ఏండ్ల సంది ఇదే పని చేస్తున్నయ్. సంఘం ఖాతాల నుంచి పైసలు తియ్యాల్నంటే ఒక్కరి సంతకం నడవదు. అందరు కూసొని తీర్మానం రాస్తరు. ఎవరికి, ఎంత, ఎందుకు అని పుస్తకంల ఎక్కుతది. ఎవరి మీద ఎవరికి అనుమానం ఉండి కాదు. అనుమానం రాకుండ ఉండాల్నని. సదువు రాని అవ్వలు పెట్టుకున్న కట్టుబాటు, డిగ్రీలు ఉన్న మా ఇంట్ల లేదు.

ఇంట్ల చేసుకోవాల్సినవి పెద్దగ ఏం లేవు. పెద్దమనిషి ఖాతాను భార్యతోనో, ఒక బిడ్డతోనో జాయింట్ చెయ్యాలె. చేసేటప్పుడు కాయితం సదవాలె. 'ఐదర్ ఆర్ సర్వైవర్' అని ఉంటే ఇద్దరిల ఎవరైనా తియ్యొచ్చు. 'ఫార్మర్ ఆర్ సర్వైవర్' అని టిక్ పెడితే, మొదటి మనిషి బతికున్నంత కాలం రెండో మనిషి చెయ్యి పెట్టలేడు. ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు ఇంకో మెలిక ఉన్నది. ఐదర్ ఆర్ సర్వైవర్ ఉన్నా గడువు ముందు తియ్యాల్నంటే ఇద్దరి సంతకాలు అడుగుతరు. అందుకే ఆపతికి కావాల్సిన కొంత సొమ్ము సేవింగ్స్‌లనే ఉంచాలె. ఉన్న పైసలన్ని జాయింట్ చెయ్యవద్దు, ఒక్క ఖాతా చాలు. మిగిలినవాటికి నామినీలు రాయాలె. ఏ బ్యాంకుల ఏమున్నదో ఒక కాయితం మీద రాసి ఇంటోళ్లకు చెప్పాలె. పిన్‌లు మాత్రం ఆ కాయితం మీద రాయొద్దు.

సర్కారు చెయ్యాల్సినవి రెండు. ఒకటి, తెలివి తప్పినా చెల్లే అధికార పత్రానికి చట్టం తేవాలె. అందుల దుర్వినియోగం జరగకుండ లెక్క చూపే షరతు కూడా పెట్టాలె. ఎందుకంటే అమ్మానాయిన సొమ్ము గుంజుకొని బయటికి వెళ్లగొట్టే కొడుకులు కూడా మనలనే ఉన్నరు. రెండు, ఉత్తగ చూసే హక్కు, హద్దు పెట్టి తీసే హక్కు అన్ని బ్యాంకులల్ల తెలుగు ఫారాలతోని ఉండాలె.

ఇప్పుడు మా బాపు కర్ర పట్టుకొని వెంకటేశ్వర స్వామి గుడి దాక నడుస్తున్నడు. ఒక ఖాతా అమ్మతోని జాయింట్ చేసినం. అమ్మ ఖాతాకు అమ్మ నంబరే పెట్టినం. నెల నెలా అయిదో తారీఖు స్టేట్‌మెంట్ ఫోటో అక్కకు, తమ్మునికి పంపుతున్న. మొదటి నెల పంపినప్పుడు తమ్ముడు "ఇదంతా ఎందుకన్నా" అన్నడు. బాపుకు మాట ఇంకా పూర్తిగ తిరగలేదు. కానీ ఆ రోజు ఫోన్ చేతులకు తీసుకొని మెల్లమెల్లగ అన్నడు. "ఎందుకంటవేందిరా. నా పైసలు నేను చూసుకుంట. మీరు గూడ చూడుండ్రి" అని.